గులాబీ గదిలోకి ఎవరు రావచ్చు

ఊరి పేరు చెబితే ఆ ఊరివాళ్లు మాది కాదంటారు. చెప్పకపోతే ప్రతి ఊరివాళ్లూ మాదేనంటారు. కాబట్టి ఓ మండల కేంద్రం, అందులో ఓ బాలికల హైస్కూలు అనుకుంటే మన కథకు చాలు. ఆ బడిలో భ్రమరాంబ టీచరు జీవశాస్త్రం చెబుతుంది. తెల్లవారుతూనే స్నానం చేసి, దీపం పెట్టి, నుదుట కుంకుమతో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని అమ్మవారి నామాలు చదువుకుంటూ వస్తుంది. నామాలు పూర్తయ్యేసరికి బడి వస్తుంది. బస్సు ఎప్పుడైనా తొందరపడితే మిగిలినవి స్టాఫ్ రూములో చదువుకుంటుంది గానీ ఒక్క నామం కూడా వదలదు.

ఆవిడ వదిలేసేది ఒక్కటే. పదో తరగతి పుస్తకంలో పునరుత్పత్తి పాఠం. దాని దగ్గరికి రాగానే, "ఇది తేలికైన పాఠమే, ఇంటి దగ్గర చదువుకోండి," అని పేజీలు తిప్పేస్తుంది. పిల్లలు బుద్ధిమంతులు. మిగతావి చదివినా చదవకపోయినా ఆ ఒక్క పాఠం మాత్రం తప్పకుండా ఇంటి దగ్గర చదువుకుంటారు.

అలాంటి బడికి ఒకనాడు ఉత్తర్వు వచ్చింది. పేరు, 'కౌమార బాలికా ఆరోగ్య పరిశుభ్రతా చైతన్య మహోద్యమం'. హెడ్మాస్టరు కోదండపాణి గారికి పైనుంచి వచ్చిన కాగితాన్ని నిలబడి చదవడం అలవాటు. నిలబడి చదివారు. చదివి కూలబడ్డారు. తర్వాత భ్రమరాంబ టీచర్ని పిలిపించారు.

"ఏం వచ్చిందండీ సార్?"

"అదేనమ్మా. ఆ విషయం."

"ఏ విషయమండీ?"

"అదే... ఆడపిల్లలకి... నెలనెలా వస్తుందే..." కోదండపాణి గారు సీలింగు వంక చూశారు. "కరెంటు బిల్లులాగా."

భ్రమరాంబకు అర్థమైంది. ఆవిడ కూడా సీలింగు వంకే చూసింది. ఇద్దరూ కాసేపు ఫ్యానును పరిశీలించారు.

ఉత్తర్వు మాత్రం స్పష్టంగానే ఉంది. మొదటి పేరాలో, 'కౌమార బాలికలకు సదరు విషయమును శాస్త్రీయముగాను, సమగ్రముగాను, ఎట్టి సంకోచమునకు తావు లేకుండా బోధించవలెను' అని ఉంది. రెండో పేరాలో, 'బోధన సందర్భమున ఎవరి మనోభావములకును భంగము కలిగించు పదజాలమును ఎట్టి పరిస్థితులలోను ఉపయోగించరాదు' అని ఉంది. ఉత్తర్వు మొత్తంలో ఎక్కడా ఆ విషయం పేరు లేదు. రాసినవారు తాము రాసింది తామే పాటించారు. ఆ మాత్రం నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుంది?

మూడో పేరాలో మాత్రం ఒక మంచి మాట ఉంది. ప్రతి బాలికల పాఠశాలకూ ఒక ప్రత్యేకమైన గది కట్టిస్తారు.

పాఠం చెప్పే బాధ్యత భ్రమరాంబ మీద పడింది. మరునాడు తొమ్మిదో తరగతిలో నిలబడి ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఒక తోట ఉంది. ఆ తోటలో ఒక మొక్క ఉంది. ఆ మొక్క పెరిగి పెద్దదైంది. అప్పటినుంచి నెలనెలా..."

"ఏ మొక్క మేడం?" అంది మొదటి బెంచీలో షాహీన్. ఆ పిల్లకు ఏదీ సగంలో వదలడం చేతకాదు.

"ఏదో ఒక మొక్కలే."

"నెలనెలా ఏం చేస్తది మేడం?"

"ఆకులు రాలుస్తుంది."

"దానికి నడుం నొప్పి వస్తదా మేడం?"

క్లాసు మొత్తం పగలబడి నవ్వింది. భ్రమరాంబకు కోపం రావాలి గానీ రాలేదు. నవ్వుతున్న మొహాల్లో సగానికి పైగా ఏడాది లోపే పెద్దమనిషి అయినవాళ్లు. మొక్క సంగతి వాళ్లకి ఆవిడకంటే బాగా తెలుసు. తెలియనిదేదో అడుగుదామని వచ్చి కూర్చుంటే, తను తోట పని చెబుతోంది. ఆవిడ వెళ్లి తలుపు వేసింది. మనసులో ఒకసారి అమ్మవారిని తలుచుకుని, "నెలసరి," అంది.

ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పైకప్పు అక్కడే ఉంది.

ఆ తర్వాత అంతా సులువైపోయింది. అది జబ్బూ కాదు, పాపమూ కాదు అని చెప్పింది. లోపల ఏం జరుగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించింది. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలనీ, నీడన చీరల కింద దాస్తే పురుగు చేరుతుందనీ, ప్యాడ్ అయినా గుడ్డ అయినా పొద్దుటిది సాయంత్రం దాకా ఉంచుకోకూడదనీ, ముందూ వెనకా చేతులు కడుక్కోవాలనీ, నొప్పి మరీ ఎక్కువైతే దాచుకోకుండా డాక్టరమ్మకు చెప్పాలనీ చెప్పింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అందరూ వెళ్లాక ఒక పిల్ల మాత్రం నిలబడింది. పేరు నాగమల్లేశ్వరి. మల్లి అంటారు. పక్క పల్లె నుంచి ఆటోలో వస్తుంది. లెక్కల్లో దిట్ట. నెలలో కొన్నాళ్లు మాత్రం కనిపించదు.

"మేడం, గుడ్డ ఎండలో ఆరేయమన్నారు. మా నాయనమ్మ ఒప్పుకోదు గానీ నేను చూసుకుంటాలే. మరి పొద్దుటిది సాయంత్రం దాకా ఉంచుకోవద్దన్నారు. బడిలో ఎక్కడ మార్చుకోవాల?"

బడి మరుగుదొడ్డికి గడియ లేదు. ఒకళ్లు లోపలికి వెళ్తే ఒకళ్లు బయట తలుపు పట్టుకోవాలి. నీళ్లు ప్రార్థన అయ్యేదాకా వస్తాయి.

"అందుకే ఆ రోజుల్లో రాను మేడం. నెలనెలా మానే చదువు చదువెట్లయిద్ది, ఆపేసి మిరపకాయ కోతలకు రా అంటన్నాడు మా నాయన."

"గది వస్తోందమ్మా. ఉత్తర్వులో ఉంది. అది రాగానే నీకు ఇబ్బంది ఉండదు. అందాకా మానకు."

"మీరు చెప్పారని చెప్తా మా నాయనకి," అంది మల్లి. అని, ఆ మాట జాగ్రత్తగా మూటగట్టుకుని వెళ్లిపోయింది.

గది నిజంగానే వచ్చింది. గులాబీ రంగు గోడలు. గడియ ఉన్న తలుపు. తిప్పితే నీళ్లొచ్చే కొళాయి. అద్దం, మంచం, మీట నొక్కితే ప్యాడ్ ఇచ్చే ఒక యంత్రం, వాడినదాన్ని కాల్చేసే ఇంకో యంత్రం. పిల్లలు కిటికీలోంచి చూసి మురిసిపోయారు. కిటికీలోంచే, ఎందుకంటే తలుపుకి తాళం. ప్రారంభోత్సవం కాని గదిలోకి వెళ్లడం నిబంధనలకు విరుద్ధం.

ప్రారంభోత్సవానికి జిల్లా ప్రత్యేక పర్యవేక్షణాధికారి త్రివిక్రమరావు గారు వస్తున్నారని తెలిసింది. భ్రమరాంబ ఆ ముందురోజు ఇంట్లో తర్జనభర్జన పడింది. కొత్త గది. దీపం వెలిగించకుండా, కొబ్బరికాయ కొట్టకుండా కొత్త గడపలో కాలు ఎలా పెడతారు? ఆడపిల్లల గదాయె, అమ్మవారి చల్లని చూపు ఉండాలి కదా అనుకుని, తన దేవుడి గదిలోంచి రాజరాజేశ్వరి పటం ఒకటి చీరలో చుట్టి బడికి తెచ్చింది. మంచం పక్కన పీట వేసి, పటం పెట్టి, బంతిపూల దండ వేసి, దీపం పెట్టి, అమ్మవారిని ఆవాహన చేసింది. చేసింది మంచి పనే. ఎవరడిగినా ఒప్పుకుంటారు.

త్రివిక్రమరావు గారు రిబ్బను కత్తిరించారు. గడప మీద కొబ్బరికాయ కొట్టారు. అమ్మవారికి దణ్ణం పెట్టారు. అదే ఊపులో ప్యాడ్ల యంత్రానికీ దణ్ణం పెట్టారు, దానికీ గంధం బొట్టు ఉంది మరి. తర్వాత కోదండపాణి గారి చెవిలో, "ఇదేం యంత్రమండీ?" అని అడిగారు.

"కాఫీ యంత్రంలాంటిదే సార్," అన్నారు కోదండపాణి గారు సీలింగు వంక చూస్తూ. "కాఫీ రాదు."

అప్పుడు ఫోటో తీశారు. చిక్కంతా ఆ ఫోటోతో మొదలైంది.

ఎక్కడో ఏదో బడిలో ప్రారంభోత్సవమైన వారానికే గదిలోని ఫ్యాను మాయమైందట. అప్పటినుంచీ పైవాళ్లు ఒక యాప్ పెట్టారు. మొదటి రోజు తీసిన ఫోటో మూల ఛాయాచిత్రం. ప్రతి సోమవారం హెడ్మాస్టరు మళ్లీ అదే చోట నిలబడి ఫోటో తీసి పంపాలి. యాప్ రెండింటినీ పోల్చి చూస్తుంది. ఒకేలా ఉంటే పచ్చ గుర్తు. తేడా ఉంటే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడితే మధ్యాహ్నం లోపు ఫోను. ఈ బడి మూల ఛాయాచిత్రంలో గులాబీ గోడ, మంచం, యంత్రం, వాటి నడుమ పూలదండతో, వెలుగుతున్న దీపంతో రాజరాజేశ్వరీ దేవి ఉన్నారు.

మరుసటి వారమే మల్లికి ఆ గది అవసరపడింది. ఈసారి మానలేదు. టీచరు మాట మీద బడికొచ్చింది. మధ్యాహ్నం సంచీ గుండెలకు హత్తుకుని గది దగ్గరికొచ్చి, చెప్పులు విప్పి, గడప మీద కాలు పెట్టబోయి, పాము కనబడినట్టు వెనక్కి తీసుకుంది.

"ఏమైందే?" అంది భ్రమరాంబ.

"అమ్మో! అమ్మోరు ఉన్నది మేడం."

భ్రమరాంబ లోపలికి చూసింది. అమ్మవారు ప్రశాంతంగా నవ్వుతున్నారు. దీపం నిండుగా వెలుగుతోంది. ఫరవాలేదు రావే అనడానికి ఆవిడ నోరు తెరిచింది. నలభయ్యేళ్లుగా తను మాత్రం ఆ రోజుల్లో దేవుడి గది గడప తొక్కిందా? పిల్ల చేసిన తప్పేముంది? తన అమ్మ తనకు నేర్పిందీ, తను తన కూతురికి నేర్పిందీ అదే. మల్లి చెప్పులేసుకుని గేటు వైపు వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చే ఆటో కోసం ఆగకుండా నడుచుకుంటూ ఇంటికి పోయిందని షాహీన్ తర్వాత చెప్పింది.

భ్రమరాంబ తిన్నగా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లింది. "సార్, పటం నేను ఇంటికి తీసుకుపోతానండీ."

"తీసుకుపోండమ్మా, మీదేగా," అన్నారు కోదండపాణి గారు. ఆయన మంచివాడు.

సోమవారం పటం లేకుండా ఫోటో వెళ్లింది. ఎర్ర గుర్తు పడింది. మధ్యాహ్నం దాకా కూడా ఆగకుండా త్రివిక్రమరావు గారి ఫోనొచ్చింది.

"కోదండపాణి గారూ, గదిలో ఉండవలసిన వస్తువు ఒకటి లేదని వ్యవస్థ గుర్తించింది. సదరు వస్తువు ఎక్కడుంది?"

"వస్తువు కాదు సార్, అమ్మవారు."

"ఎవరైనా కానివ్వండి. నా అనుమతి లేకుండా గదిలోంచి ఎట్లా వెళ్లారు?"

అమ్మవారు మంగళవారం తిరిగి విధుల్లో చేరారు.

ఇక కోదండపాణి గారు వివరణ కోరుతూ రాశారు. అమ్మవారు ఉన్న గదిలోకి ఆ స్థితిలో ఉన్న బాలికలు రావచ్చునా? త్రివిక్రమరావు గారు సమగ్రంగా పరిశీలించిన మీదట జవాబిచ్చారు: 'గది పవిత్రతకు భంగం కలుగరాదు. అదే సమయమున గది వినియోగము నూటికి నూరు శాతము ఉండవలెను. కావున అర్హులైన బాలికలు మాత్రమే గదిని పూర్తి స్థాయిలో వినియోగించుకొనునట్లు తగు చర్యలు గైకొనవలెను.'

"అర్హులంటే ఎవరండీ?" అంది భ్రమరాంబ.

కోదండపాణి గారు ఆలోచించారు. ఆలోచన ఎటు తిప్పినా ఒకచోటికే వచ్చింది. "ఆ స్థితిలో లేనివాళ్లమ్మా."

"ఆ స్థితిలో లేనివాళ్లకి ఆ గదితో పనేముందండీ?"

"పని ఉందా లేదా అని ఉత్తర్వు అడగలేదు గదమ్మా. వినియోగం అడిగింది."

మధ్యేమార్గం కోసం వాళ్లు ప్రయత్నించకపోలేదు. తెర కడదామన్నారు. తెర వెనక ఉంటే అమ్మవారు యాప్‌కి కనబడరు. పటాన్ని గోడవైపు తిప్పుదామన్నారు. అప్పుడు ఫోటోలో అట్ట వస్తుంది. అసలే అమ్మవారికి వీపు చూపించమనడం ఏం మర్యాద? ఈ గొడవంతా వింటూ గుమ్మంలో నిలబడ్డ షాహీన్, "సార్, మేం వెళ్లొచ్చా? ఆ పటం మా లెక్కలోకి రాదు గదా," అంది. కోదండపాణి గారు ఉలిక్కిపడ్డారు. అది విధానపరమైన అంశం, పైకి రాస్తానన్నారు. రాశారు కూడా. జవాబు ఇంతవరకూ రాలేదు.

గది వినియోగం మొదలైంది. తరగతుల వారీగా టైంటేబుల్ వేశారు. ఎనిమిదో తరగతి పిల్లలు డ్రిల్లు పీరియడ్లో వరసగా వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని, అష్టాచెమ్మా ఆడుకుని, ప్రసాదం అడిగి వెళ్లేవాళ్లు. శుక్రవారం మేళాలు లేవన్న మాటేగానీ భజన ఉండేది. వినియోగం నూటికి నూరు శాతం దాటిపోయింది. ప్యాడ్లు కూడా చెల్లాలి గదా. దీపం కుందికి నూనె జిడ్డు పడితే వాటితో తుడిచేవాళ్లు. బ్రహ్మాండంగా పీల్చుకుంటున్నాయని పిల్లలు చెప్పారు. నెలాఖరుకు యంత్రం ఖాళీ. 'బాలికలలో చైతన్యం వెల్లివిరియుచున్నది' అని నివేదిక వెళ్లింది. బంతిపూల కాలం పోయాక ప్లాస్టిక్ దండ వేశారు. యాప్‌కి వాసనతో పని లేదు, పచ్చ గుర్తే పడింది.

అవసరమున్న పిల్లలు మాత్రం ఎప్పటిలాగే తలుపు పట్టుకునే తోడు వెతుక్కునేవాళ్లు. లేదా ఇంటి దగ్గర ఉండిపోయేవాళ్లు. మల్లి ఉండిపోయేది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ ఆ పూజారిని నేనే కాబోలని భ్రమరాంబకు ఒక్కోసారి అనిపించేది. బస్సులో నామాలు చదువుతుంటే 'మాతా' అన్న పేరు దగ్గర నాలుక ఆగేది. తల్లీ, నీ పిల్ల గడప అవతల ఏడుస్తూ నిలబడితే నీకు నిజంగా దండా దీపమే ముద్దా అని అడిగేది. అడగటం తప్పేమోనని చెంపలు వేసుకుని మళ్లీ నామాల్లో పడేది.

ఇలా ఉండగా ఆ బడికి జిల్లాలో ఉత్తమ గది బహుమతి వచ్చింది. వినియోగంలో ఇన్ని పచ్చ గుర్తులు ఇంకెక్కడా లేవు. చూసిపోవడానికి రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వస్తున్నారన్నారు. పరిశీలకులు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, నుదుట విభూతి, చేతిలో ఫైలు. వెంట త్రివిక్రమరావు గారు. ఆ రోజు బడంతా ముగ్గులు, మామిడాకులు.

సరిగ్గా ఆ రోజే మల్లి తండ్రి సాంబయ్య కూడా వచ్చాడు. కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడ్డాడు.

"టీసీ కావాల మేడం," అన్నాడు భ్రమరాంబతో. "గది వస్తది గది వస్తది అని మీరు చెప్పారంట. వచ్చింది గదా, ఇంకెందుకు పోవే అంటే, అందులోకి పోగూడదు నాయనా అంటది. మీరు కట్టిందేందో, ఇది చెప్పేదేందో నాకైతే తెలవట్లా. కోతలు మొదలైనయ్."

మల్లి తలొంచుకుని ఉంది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఉంది. మొహం పీక్కుపోయి ఉంది. భ్రమరాంబ ఆ చెయ్యి చూసింది. అడగనక్కర్లేకపోయింది.

"సారు తీరికయ్యాక ఇస్తారు. కాసేపు కూర్చోండి," అని చెప్పి ఆవిడ గది వైపు వెళ్లింది.

గదిలో పరిశీలకుల వారికి ఒక పదో తరగతి పిల్ల ఉపయోగాలు అప్పజెబుతోంది. "ఈ గది వలన మాలో ఆత్మవిశ్వాసము పెంపొందినది. ఏకాగ్రత పెరిగినది. భక్తి..."

"నువ్వు గదిని వాడుకుంటావా పాపా?" అన్నారు పెద్దాయన.

"ఆ సార్. అర్హత ఉన్న రోజుల్లో."

పెద్దాయనకు అర్థం కాలేదు. త్రివిక్రమరావు గారు తల పంకించారు. కోదండపాణి గారు సీలింగు వంక చూశారు. అదే అదనుగా భ్రమరాంబ లోపలికి వచ్చి, చెంగు నడుముకు బిగించి, పటం ముందు మోకాళ్ల మీద కూర్చుని, అక్షింతలు చేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తున్నారు మేడం?" అన్నారు త్రివిక్రమరావు గారు.

"అమ్మవారికి ఉద్వాసన చెబుతున్నానండీ."

"ఇప్పుడా? ఏ ఉత్తర్వు ప్రకారం?"

"ఇంట్లో వ్రతం చేసుకుంటే ఏ ఉత్తర్వు ప్రకారం చెబుతామండీ?" అంది భ్రమరాంబ మెల్లగా. "పిలిచి కూర్చోబెట్టినవాళ్లు సాగనంపడం కూడా చేయాలి గదా. నేను పిలిచాను. ఇన్నాళ్లూ ఒక పూట నైవేద్యం లేదు, పండు లేదు, ప్లాస్టిక్ పూలు వేసి, ఫోటోకి నిలబెట్టి... సాటి మనిషినైనా ఇలా కూర్చోబెడతామా?"

పెద్దాయన ఫైలును చంకలో పెట్టేసుకున్నారు. "ఏమిటీ? ఆవాహన చేసి ఉద్వాసన చెప్పలేదా?" ఆయన గబగబా బూట్లు విప్పి గడప అవతలికి తోసేశారు. "ఎన్నాళ్లయిందయ్యా త్రివిక్రమరావ్? ఎంత దోషం! నీ ఇంట్లో అయితే వినాయకుణ్ణి ఇలాగే ఏడాదంతా ఉంచుతావా?"

"తగు వివరణ తీసుకుంటాను సార్," అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన కూడా బూట్లు విప్పారు. ఒక మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది.

"యథాస్థానం ప్రవేశయామి," అంది భ్రమరాంబ. అక్షింతలు వేసి, పీటను ఈశాన్యం వైపు కాస్త కదిపింది. ఇంట్లో ఎన్నిసార్లో చేసిన పనే. పటాన్ని కళ్లకద్దుకుని, తన గుడ్డ సంచీలో పెట్టుకుంది. దీపం కొండెక్కించకుండా దానంతటది ఆరేదాకా అందరూ చేతులు జోడించుకుని నిలబడ్డారు. శాస్త్రం ముందు ఎవరి హోదా పనిచేయదు.

దీపం ఆరింది. గది మామూలు గది అయింది.

భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చి పిలిచింది. "మల్లీ, లోపలికి రా."

"మేడం, నేను..." మల్లి గడప దగ్గరికి వచ్చి ఆగింది.

"నాకు తెలుసు. అందుకే రమ్మంటున్నా. అమ్మవారు ఇంటికి బయల్దేరింది. రా."

పెద్దమనుషులందర్నీ ఆవిడే బయటికి పంపింది. మల్లి లోపలికి వెళ్లింది. గడియ పడిన చప్పుడైంది. తర్వాత కొళాయి చప్పుడు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు. బయట పరిశీలకులు, పర్యవేక్షణాధికారి తమ తమ బూట్లు వెతుక్కుంటున్నారు.

"అయితే సార్," అన్నారు కోదండపాణి గారు దిగులుగా, "సోమవారం ఎర్ర గుర్తు పడుతుంది."

"పాత మూల ఛాయాచిత్రాన్ని రద్దు పరచండి," అన్నారు పెద్దాయన. "దోషంతో తీసిన ఫోటో చెల్లదు. కొత్తది ఇప్పుడే, నా సమక్షంలో తీయండి."

కోదండపాణి గారు ఫోను తీసి గుమ్మంలో నిలబడ్డారు. మల్లి మంచం మీద అటు తిరిగి కూర్చుని, మోకాళ్ల మీద లెక్కల పుస్తకం పెట్టుకుంది. వీపు మీద ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు.

"పాపా, కాస్త లేచి బయటికి రామ్మా."

"కూర్చోనివ్వండి సార్," అంది భ్రమరాంబ. "ముఖం రావడం లేదు గదా. వెనకనుంచే తీయండి. గది దేనికో తెలియాలి."

"అవునవును," అన్నారు పెద్దాయన. "వినియోగంలో ఉన్నట్టు ఉండాలి."

ఫోటో వెళ్లింది. పచ్చ గుర్తు పడింది. పెద్దవాళ్లు కార్లెక్కి వెళ్లిపోయారు. సాంబయ్య వరండాలోంచి లేచి వచ్చాడు.

"సారూ, ఆ టీసీ కాగితం ఇస్తే మేం పోతాం."

"ఎవరికయ్యా టీసీ?"

"మా మల్లికి."

కోదండపాణి గారు ఫోనులో ఫోటో చూశారు. మంచం చూశారు. రెండు జడలు చూశారు. ఆయన మొహంలో రంగు మారింది.

"కుదరదు."

"ఏం, ఎందుకు కుదరదు?"

"మీ అమ్మాయి మూల ఛాయాచిత్రంలో ఉందయ్యా."

"అంటే ఏంది సారూ? జబ్బా?"

"అంతకంటే పెద్దది. ఆ అమ్మాయి ఇక్కడ లేకపోతే ఎర్ర గుర్తు పడుతుంది. నాకు మెమో వస్తుంది. మండలానికొస్తుంది. జిల్లాకొస్తుంది."

సాంబయ్య కూతురి వైపు తిరిగి, ఎప్పుడూ చూడనట్టు ఎగాదిగా చూశాడు. "మా పిల్ల రాకపోతే జిల్లా ఆగిపోద్దా?"

"ఆగిపోతుంది."

"అట్టయితే..." సాంబయ్య తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అంత పనయితే మరి నేనేం జేత్తా? పద మేడం గారికి దణ్ణం పెట్టు. కోతలకు మీ చిన్నమ్మని పిలుత్తాలే."

యాప్‌కి కావలసింది రెండు జడలేననీ, ఏ పిల్లవైనా సరిపోతాయనీ భ్రమరాంబకు అప్పటికే తోచింది. జీవశాస్త్రం టీచరు గదా, ఒక జడకీ ఇంకో జడకీ తేడా యంత్రానికి తెలియదని తెలుసు. చెప్పకపోతే అబద్ధమవుతుందా అని ఒక్క క్షణం ఆలోచించింది. అడగనిదానికి జవాబు చెప్పడం ఉత్తర్వుల్లో లేదని ఊరుకుంది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మవారిని ఒళ్లో పెట్టుకుంది. నామాలు చదవలేదు. "అలిసిపోయావా తల్లీ," అని సంచీ మీద చెయ్యి వేసి నిమిరింది.

సోమవారం పొద్దున కోదండపాణి గారు గేటు దగ్గర నిలబడ్డారు. ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. కన్నతండ్రి కూడా అంత ఆత్రంగా ఎదురుచూడడు. పల్లె ఆటో ఆగింది. మల్లి దిగింది.

"వచ్చావా తల్లీ! పద పద, గదికి పద."

"సార్, ఇవాళ నాకు అవసరం లేదు సార్."

"నీకు లేదమ్మా, నాకుంది. పద."

ఇద్దరూ గది దగ్గరికి వెళ్లారు. తలుపు మూసి ఉంది. కోదండపాణి గారు నెట్టబోయారు. లోపల గడియ వేసి ఉంది. కొళాయిలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరు లోపల?"

"ఎవరో అవసరమున్నవాళ్లు సార్," అంది మల్లి.

కోదండపాణి గారు తలుపు తట్టడానికి ఎత్తిన చెయ్యి దించేశారు. ఒకసారి ఫోను వంక చూసుకుని, దాన్ని జేబులో పెట్టేసి, కాస్త దూరంగా వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు.